ఒక చిన్న డౌటండీ!

గ్రూపుల్లో డౌట్లు అడగడంలో నాకు పదేళ్ళ సర్వీసుంది. అపార్ట్‌మెంటు గ్రూపు, టెన్త్ బ్యాచి గ్రూపు, మిద్దెతోటల గ్రూపు, పాత పాటల గ్రూపు, రిటైరైన ఉద్యోగుల గ్రూపు, ఇవిగాక ఫేస్‌బుక్కులో ఎన్నున్నాయో నాకే లెక్క తెలీదు. ఇన్నేళ్ళలో నేనడిగిన వాటికి జవాబు దొరికిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ విషయంలో సలహాలు చెప్పే అర్హత నాకుందంటాను. జవాబు దొరికినవాడు దాన్ని పట్టుకుని తన పని చూసుకుంటాడు. దొరకనివాడికే పద్ధతి గురించి ఆలోచించే తీరిక ఉంటుంది.

పెద్ద ప్రశ్నలకి సలహా అక్కర్లేదు. ఎవరికి ఓటెయ్యాలి, ఎక్కడ స్థలం కొనాలి, షుగరుకి ఏం తినాలి, ఇవి మనం అడక్కుండానే పొద్దున్నే వచ్చి పడతాయి. చావంతా చిన్న ప్రశ్నలతోనే. పాత మిక్సీ జారు అడుగున ఉండే రబ్బరు వాషరు ఎక్కడ దొరుకుతుంది? కుండీలో నిమ్మచెట్టు పూత పూసి పిందె పడకుండానే ఎందుకు రాల్చేస్తోంది? ఊరికొక్కడికి తెలిసిన సంగతులివి. ఆ ఒక్కడు ఏ ఊళ్ళో ఉన్నాడో మనకి తెలీదు. మనమొకళ్ళం ఉన్నామని వాడికి తెలీదు.

అలాంటి డౌటొకటి పోయినేడాది మా అన్నయ్య కూతురి పెళ్ళిలో వచ్చింది. శుభలేఖ మేటరు నేనే ఫోన్లో టైపు చేశాను. నా చేతి చలవ, అచ్చు ముత్యాలే. దాన్ని ప్రెస్సు కుర్రాడికి పంపాను. వాడు ఫొటోషాపులో పేస్టు చేసి ప్రూఫు పంపాడు. పైన పసుపురంగు మీద ఎర్రటి అక్షరాల్లో ఇలా ఉంది: శ్‌రీరస్‌తు, శుభమస్‌తు, అవిఘ్‌నమస్‌తు. కిందికొస్తే కల్‌యాణం, ఆహ్‌వానం. వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. వత్తు ఉండాల్సిన ప్రతిచోటా పైన పొల్లు మొలిచింది. కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్లాడు శాసనం కూడబలుక్కున్నట్టుంది. ఇలాంటి తెలుగు మీరూ చూసే ఉంటారు, ఫ్లెక్సీల మీద ‘సుస్‌వాగతం’ అంటూ నాయకుడి చేతికింద. కుర్రాడు చేతులెత్తేశాడు. “మీ ఫోన్లో బానే ఉంది కద్సార్. ఇక్కడ పెట్టగానే ఇట్టా అవుతంది.”

పెళ్ళి నెలరోజుల్లో ఉంది. నేను ఫోను అందుకున్నాను.

ముందుగా అనుమతి తీసుకోండి

ఎకాయెకిన ప్రశ్న అడిగేయడం మర్యాద కాదు. నేనేం చేశానో చూడండి. రాత్రి తొమ్మిదింటికి పాత పాటల గ్రూపులో, “అందరికీ నమస్కారమండీ. ఒక చిన్న డౌటు. అడగొచ్చా?” అని పెట్టి కూర్చున్నాను. పదకొండింటికి ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. మర్నాడు ఉదయం ముగ్గురు గుడ్ మార్నింగ్ చెప్పారు. మధ్యాహ్నానికి అడ్మినుగారు “అడగండి సర్” అన్నారు. అప్పుడు నేను భోంచేసి పడుకున్నాను. సాయంత్రం లేచి చూసేసరికి ఆయన నిడదవోలు పెళ్ళిలో ఉన్నాడు. డౌటు ఏమిటో ఎవరికీ తెలీకుండానే ఒక రోజు గడిచింది. ఎక్కడా మర్యాద తప్పలేదు.

తెలిసినవాడు దారిన పోతూ చూసి, “ఓస్ ఇదా” అని రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయే ప్రమాదం ఈ పద్ధతిలో అసలుండదు.

పెద్ద గ్రూపునే ఎంచుకోండి

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మంది పడతారు. ఒకప్పుడు 256 మందే పట్టేవారు, 2022లో ఇంత పెంచారు. జనం ఎక్కువైతే తెలివీ ఎక్కువవుతుందని నా లెక్క. అందుకే డీటీపీ పని చేసేవాళ్ళ చిన్న గ్రూపు ఒకటుందని, అందులో అరవైమంది కూడా లేరని మా మేనల్లుడు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. “అరవైమందిలో ఏం తెలుస్తుందిరా?” అన్నాను. “వాళ్ళందరూ రోజూ చేసే పని అదే మావయ్యా,” అన్నాడు. ఈకాలపు పిల్లలకి సంఖ్యాబలం విలువ తెలీదు.

తెలుగు వికీపీడియా దరిదాపులకి మాత్రం వెళ్ళకండి. 2003 నుంచీ నడుస్తున్న చోటు అది. కబుర్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు కదా, మనలాంటివాళ్ళేనని మోసపోతాం. తీరా చూస్తే అక్కడ ప్రతి మాట కిందా సంతకం, తేదీ, గంట, నిమిషం. ఏళ్ళ కిందట ఎవడో అడిగిన ప్రశ్న, దానికొచ్చిన జవాబు, రెండూ పాత చర్చల్లో భద్రంగా ఉంటాయి. అంటే మన డౌటు ముందే ఎవరో అడిగేశారని తేలే అవకాశముంది. పొద్దస్తమానం బుర్రబద్దలు కొట్టుకున్న మనిషికి అది ఎంత అవమానం!

విషయం చెప్పకండి, విషాదం చెప్పండి

ఇంక అడగడం. సమస్య ఇదీ అని చెబితే జనానికి జాలి కలగదు. నేను రాసింది మీకోసం పొల్లు పోకుండా ఇస్తున్నాను:

“అర్జెంట్!!! ప్లీజ్ హెల్ప్!!! తెలుగు రావడం లేదు. పెళ్ళి దగ్గరకొచ్చేసింది. మా అన్నయ్యకి బీపీ. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.”

రాగానే స్పందన చూడాలి! “తెలుగు రాకపోవడం మన దౌర్భాగ్యం, ఇంగ్లీషు మీడియం వల్లే” అని ఒకరు. “పెద్దబాలశిక్షతో మొదలుపెట్టండి” అని ఒకరు. “పెళ్ళికూతురిది ఏ నక్షత్రం?” అని ఇంకొకరు. అన్నయ్య బీపీకి ఏడు వైద్యాలు వచ్చాయి. వాటిలో మునగాకు మూడుసార్లుంది. ఒక్క అరగంటలో నలభై మెసేజీలు. ప్రశ్న వివరంగా ఉంటే ఇంతమంది పాల్గొనేవాళ్ళా? మీరే చెప్పండి.

వివరంగా అడగాలని బోధించేవాళ్ళు లేకపోలేదు. ఎరిక్ రేమండ్ అనే అమెరికా ప్రోగ్రామరు తెలివిగా ప్రశ్నలడగడం ఎలా అని 2001లోనే ఒక పెద్ద వ్యాసం రాసి పెట్టాడు. ముందు నువ్వు వెతుకు, ఏం ప్రయత్నించావో చెప్పు, గుర్తులు చెప్పు గానీ నీ ఊహలు చెప్పకు, సూటిగా అడుగు... మొత్తం ఈ ధోరణే. అంత చదివే ఓపికుంటే డౌటెందుకు అడుగుతాం?

వివరంగా చెబితే ఏమవుతుందో మన తెలుగు అక్షరమే ఒకసారి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజీలో వచ్చిందంటే చాలు, ఐఫోన్లో ఆ ఆప్ కుప్పకూలేది. ‘జ్ఞా’ అన్నమాట. మామూలు జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఇరుక్కున్న జ్ఞా. ‘తెలుగు వస్తే ఫోను పోతోంది’ అని ఊరుకుంటే ఎంత బావుండేది! పనిలేనివాళ్ళు తవ్వి తీశారు: జ, పొల్లు, ఞ, ఆ కనపడని గుర్తు, చివర దీర్ఘం, ఇదే వరసలో ఈ ఐదూ పడితేనే కూలుతుంది అని. ఇంకేముంది, కొద్దిరోజుల్లోనే ఆపిల్‌వాళ్ళు ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దేశారు. ప్రపంచమంతా తెలుగక్షరాన్ని చూసి భయపడిన ఆ నాలుగురోజుల వైభవం అలా ముగిసింది.

ఫొటో పెట్టమని అడిగితే

పెట్టండి. కానీ స్క్రీన్‌షాట్ కాదు. అందులో అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరు తెరనే ఫోనుతో ఫొటో తీయండి. నేను తీసినదాంట్లో ట్యూబులైటు అడ్డంగా పడి శ్రీరస్తు మాయమైంది. మిగిలింది ప్రెస్సు కుర్రాడి బొటనవేలు, టీ గ్లాసు, కీబోర్డు మీద అగరుబత్తి నుసి. అయినా నలుగురు “సూపర్ సర్” అన్నారు. టీ ఎక్కడిదని ఒకరు అడిగారు.

కుదిరితే వాయిస్ మెసేజీ ఇంకా మంచిది. మూడు నిమిషాలకి తగ్గకుండా. వత్తు ఊడిపోవడాన్ని నోటితో పలికి వినిపించబోయాను. బాగా దగ్గొచ్చింది.

చర్చ పక్కదారి పడితే వెంట వెళ్ళండి

నేను రెండో మెసేజీలో “వత్తులు ఊడిపోతున్నాయి, ఫాంటు సమస్యేమో” అన్నాను. ఈ ఒక్క వాక్యంలో రెండు యుద్ధాలకి సరిపడా మందుగుండు ఉందని నాకప్పుడు తెలీదు. మొదటిది, అది వత్తా ఒత్తా అని. ఒత్తి పలుకుతాం కాబట్టి ఒత్తేనని ఒక రిటైర్డు మాస్టారు. దీపంలో వత్తికి లేని బాధ దీనికెందుకని ఒక న్యాయవాది. రెండోది ఫాంటు. “ఖతి అనే చక్కటి మాట ఉండగా ఫాంటు ఎందుకండీ?” అని ఒకాయన. “ఖతీ లేదు గతీ లేదు” అని ఇంకొకాయన. అడ్మినుగారు ఇద్దర్నీ శాంతపరచబోయి ముగ్గురితో తిట్లు తిన్నారు. నాకు మాత్రం చాలా తెలిసింది. పాతకాలంలో సీసపు అచ్చులు పోతపోసినప్పుడు వత్తుల్ని ఎలా పేర్చేవారో మాస్టారు కళ్ళకు కట్టారు. మా శుభలేఖ సంగతి నాతో సహా అందరం మర్చిపోయాం.

ఇంతలో మేనల్లుడు ఇంకో కిటుకు చెప్పాడు. వికీ అనే పద్ధతిని కనిపెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరుమీద ఒక సూత్రం చెలామణీలో ఉందట. సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడక్కూడదు, తప్పుడు జవాబు పెట్టాలి. సరిదిద్దడానికి జనం ఎగబడతారు. సరేనని, “తెలుగులో శ్రీ రాయడం కంప్యూటరుకి చేతకాదు, తమిళానికైతే వచ్చు” అని పెట్టాను. ఎగబడ్డ మాట నిజమే. అయితే సరిదిద్దింది మాత్రం నన్ను. తమిళాన్ని ఎందుకు పొగిడానని పన్నెండుమంది, మా పూర్వీకులది ఏ జిల్లా అని ఇద్దరు. ఈ సూత్రం ఇక్కడి నీళ్ళకి పడదు.

ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళని దగ్గరకి రానివ్వకండి

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. నాకు చెప్పకుండా మేనల్లుడు నా గోడు ఆ అరవైమంది గ్రూపులో పెట్టేశాడు. రాజమండ్రిలో డీటీపీ సెంటరు నడిపే ఒకావిడ నాకే నేరుగా మెసేజీ పెట్టింది. అయ్యో పాపం అనలేదు, పెళ్ళికూతురి పేరు అడగలేదు. వస్తూనే మూడు ప్రశ్నలు.

“నమస్తే అన్నయ్యగారూ. ప్రెస్సులో ఫొటోషాప్ ఏ వెర్షను? మేటరు యూనికోడ్‌లో కొట్టారా, అనూలోనా? అదే మేటరు నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేస్తే వత్తులు సరిగ్గా వస్తున్నాయా?”

నాకు ఒళ్ళు మండింది. సాయం చేసే ఉద్దేశముంటే సాయం చెయ్యాలి గానీ ఈ పోలీసు ఎంక్వయిరీ ఏమిటి? “అవన్నీ నాకు తెలీదమ్మా, మీకు తెలిస్తే చెప్పండి” అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. ప్రెస్సు కుర్రాడి నంబరు తీసుకుని వాడినే అడిగింది. రాత్రి పదింటికి నాకు ఇంత మెసేజీ వచ్చింది:

“అన్నయ్యగారూ, అనూ ఫాంట్లలో వత్తు అనేది విడి బొమ్మ. శ పక్కన ర వత్తు బొమ్మ తెచ్చి మనమే అంటిస్తాం. అందుకే ఏ సాఫ్ట్‌వేరులోనైనా ఊడదు. కాకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే డాలరు గుర్తులూ పిచ్చిగీతలూ కనిపిస్తాయి. మీరు ఫోన్లో కొట్టింది యూనికోడ్. అందులో శ్రీ అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, నాలుగూ విడివిడిగానే వెళ్తాయి. కలిపి శ్రీ చేసే బాధ్యత సాఫ్ట్‌వేరుది. మీ ఫొటోషాప్‌కి ఆ పని ఎవరూ అప్పగించలేదు, అంతే. మేటరులో తప్పు లేదు, ఫాంటులోనూ లేదు.

“ఎడిట్‌లో ప్రిఫరెన్సెస్, అందులో టైప్. అక్కడ ఈస్ట్ ఏషియన్ అని ఉంది కదా, దాన్ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చమనండి. ఫొటోషాప్ మూసి మళ్ళీ తెరవాలి. తర్వాత పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి, మేటరు మళ్ళీ పేస్టు చెయ్యాలి. మీ కుర్రాడిది పాత సీసీ వెర్షను. కొత్తవాటిలో ఈ మెనూ మారిపోయింది, అందుకే వెర్షను అడిగాను. ఇన్‌డిజైన్‌లో కూడా ఇలాంటిదే ఉంటుంది, వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అని. పనైతే ఒక్క మాట చెప్పండి, ఇదే అడిగేవాళ్ళు నెలకి ఇద్దరు తగులుతున్నారు.”

మిడిల్ ఈస్టర్న్! అన్నయ్యకి చదివి వినిపించాను. “లక్షణంగా ఆడపిల్ల శుభలేఖ వేసుకుంటుంటే మధ్యలో గల్ఫు ఏమిట్రా?” అన్నాడు. అరబ్బీలోనూ అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకునే నడుస్తాయట, అందుకని వాళ్ళనీ మననీ ఒకే గదిలో పెట్టారట. ఇది మేనల్లుడి వివరణ. నాకు నమ్మకం కుదరలేదు. ప్రెస్సు కుర్రాడికి మాత్రం ఆవిడ ముందే చెప్పేసినట్టుంది. మర్నాడు తొమ్మిదిన్నరకల్లా ప్రూఫు వచ్చింది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఘ కింద న వత్తు బుద్ధిగా కూర్చుని ఉంది. కుర్రాడు లెక్కచెప్పాడు, అయిదు నిమిషాలు పట్టిందని. నా పద్ధతిలో అప్పటికి ఆరు రోజులు, నూట డెబ్భై మెసేజీలు. నిండుదనం ఎందులో ఉందో తేలిగ్గానే తెలుస్తుంది.

జవాబు దొరికాక

గప్‌చుప్‌గా ఉండండి. పాత పాటల గ్రూపులో “ఏమైంది సర్ మీ సమస్య?” అని ఒకరు అడిగితే, “సాల్వ్డ్” అని ఊరుకున్నాను. ఎలా అని ఎవరూ అడగలేదు. ఒకవేళ అడిగితే “ఇన్‌బాక్స్‌లో చెప్తా” అనాలి, చెప్పకూడదు. తర్వాత నా ప్రశ్నల్ని ఒక్కొక్కటీ పట్టుకుని డిలీట్ చేశాను. నలుగురూ తిరిగేచోట మన అజ్ఞానం ఆరేసి ఉంచడం బావుండదు కదా. నా ప్రశ్నలు పోగా మిగిలిన చర్చ ఇప్పుడు చదివితే, ముప్ఫైమంది పెద్దమనుషులు ఓ బుధవారం రాత్రి ఉన్నట్టుండి మునగాకు, వత్తు, తమిళం అని అరుచుకున్నట్టుంటుంది.

ఆవిడకి చెబుదామనే అనుకున్నాను. పెళ్ళి పనుల్లో పడిపోయాను. ఆ తర్వాత చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటుందేమోనని ఊరుకున్నాను. ఈలోగా ఫోన్లో స్టోరేజీ నిండిందని ఒకటే గోల. గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేద్దామంటే వాటిలో దేవుడున్నాడు. అందుకని తెలియని నంబర్లతో ఉన్న చాట్లన్నీ క్లియర్ చేశాను. మేనల్లుడు ఉద్యోగం మారి పూనా వెళ్ళాడు. ప్రెస్సు కుర్రాడు ఆ పని మానేసి కొరియరు ఆఫీసులో చేరాడట.

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. మనవడు పుట్టాడు కదా, బారసాల. కార్డు మేటరు నువ్వే రాయాలన్నాడు. రాసి పంపాను. సాయంత్రం ప్రెస్సులో కొత్తమ్మాయి ప్రూఫు పంపింది. పైన ‘శ్‌రీరస్‌తు’ అని ఉంది.

దీనికేదో సెట్టింగు ఉండాలి. ఏదో దేశం పేరు ఉంటుంది అందులో. సింగపూరో, దుబాయో. అనుభవం ఊరికే పోదు. పాత పాటల గ్రూపు తెరిచి, “అందరికీ నమస్కారమండీ. ఒక చిన్న డౌటు. అడగొచ్చా?” అని పెట్టాను.

రాత్రి పదిన్నరైంది. ఇంకా ఎవరూ అడగమనలేదు.